శనివారం మొదలయ్యే చప్పుడు

నేను ఒక సైకిలుని. నల్ల రంగు, వెనుక క్యారియర్, ముందు గుండ్రటి లైటు. ఆ లైటు ఇప్పుడు లేదు, రంగు కూడా పెద్దగా మిగల్లేదు. ఉద్దానంలో ఒక జీడిపప్పు కర్మాగారం వెనకాల, చిరిగిన గోనెల గుట్టకు ఆనుకుని నిలబడి ఉన్నాను. ఇక్కడికి ఎవరూ రారు. వస్తే గిస్తే కుక్కలు వస్తాయి, వాటి పని చూసుకుని పోతాయి. అందుకని నా కథ ఉన్నదున్నట్టు చెప్పడానికి నాకు మొహమాటం ఏమీ లేదు.

పుట్టిన చోటు గురించి గుర్తున్నది తక్కువ. రంగు తొట్టి వేడి, గ్రీజు వాసన, నాలాంటి వాళ్లే వరసగా వేలాడటం, అంతే. నన్ను మొదట కొన్నవాడు ఒక కంపౌండరు. సూదుల పెట్టె క్యారియర్‌కి కట్టుకుని ఊళ్ల వెంట తిరిగేవాడు. దారిలో ఎవరు టీ తాగమన్నా కాదనేవాడు కాదు. ఆయన చేరేసరికి రోగికి దానంతటదే నయమైనా అయిపోయేది, లేకపోతే సూది అవసరమైనా తీరిపోయేది. రెంటికీ ఆయన తలూపే తీరు ఒక్కటే. మనుషుల మీద నాకు మొదటి నుంచీ పెద్ద ఆశలు లేకపోవడానికి ఆయనే కారణం. మోకాళ్లు పట్టేశాక నన్ను జోగారావుకి అమ్మేశాడు.

కంపౌండరుని ఆయన అన్నాను గానీ జోగారావుని అనను. వాడి బరువు మోసిన దాన్ని, ఆ మాత్రం హక్కు నాకుంది.

జోగారావు కర్మాగారంలో పప్పు వలిచే ఆడవాళ్ల మీద మేస్త్రి. మధ్యలో జీడిపిక్కలు ఎండబెట్టే పెద్ద సిమెంటు కళ్లం, దాని చుట్టూ షెడ్లు. పొద్దున్నించి సాయంత్రం దాకా నా మీదెక్కి షెడ్డు షెడ్డుకీ తిరగడమే వాడి ఉద్యోగం. మోటారు సైకిలు కొనుక్కోవయ్యా అని సావుకారు ఒకసారి నవ్వుతూ అంటే, "అదొస్తే గేటు కాడ్నించే ఇనిపించేత్తాది బాబూ. ఇదైతే నానొచ్చినట్టు దీనికే తెల్దు" అన్నాడు. సావుకారు మెచ్చుకున్నాడు. నిజంగానే అప్పట్లో నేను చప్పుడు చేసేదాన్ని కాను. కంపౌండరు కాలం నుంచి గొలుసుకి, పళ్లచక్రానికి పట్టిన గ్రీజు నల్లగా, మందంగా ఉండేది. చూడ్డానికి అసహ్యం. కానీ ఆ మురికి వల్లే నేను గాలిలా పోయేదాన్ని.

షెడ్డులో ఆడవాళ్లు వరసగా నేల మీద కూర్చుని, చేటల్లో పప్పు పోసుకుని, చిన్న కత్తితో పొట్టు తీస్తుంటారు. మాట్లాడకూడదు. కాళ్లు చాపకూడదు. నోట్లో పప్పు వేసుకోకూడదు. పసిపిల్లల్ని అసలు తేకూడదు. పిల్లలుంటే చేతులు ఆగుతాయి, పప్పు పాడవుతుందని కట్టడి. జోగారావు నన్ను తలుపు పక్కనే ఆపి, ఎవరూ తల ఎత్తకముందే లోపల ఉండేవాడు. దొరికినదాన్ని చెప్పులు లేకుండా మిట్టమధ్యాహ్నం కళ్లం మీద నిలబెట్టేవాడు. ఆ సిమెంటు మీద నా టైర్లే మెత్తబడేవి. వాళ్లు కాళ్లు మార్చి మార్చి నిలబడుతుంటే వాడు నా సీటు మీద ఒక కాలు నేలకాన్చి కూర్చుని చూసేవాడు. వాడికి కోపం ఉండేది కాదు. అదే నాకు కంపరం పుట్టించేది.

ఇక ఆయుధపూజ సంగతి. దసరా ముందురోజు కర్మాగారంలో ఉన్న ప్రతి ఇనప ముక్కా కడిగి బొట్టు పెట్టించుకోవాలి. బాయిలరూ, త్రాసులూ, పిక్కలు కొట్టే కత్తులూ అయ్యాక, జోగారావు నన్ను ఆడవాళ్ల ముందుకి తోశాడు.

"అద్దంలాగ మెరవాల" అన్నాడు.

మెరిపించారు. బాయిలర్ వేడినీళ్లు, చాకలి సోడా, కొబ్బరి పీచు. గొలుసు లింకు లింకూ తోమారు. ఏళ్ల నాటి గ్రీజంతా కరిగి కాలవలో పోయింది. ఆ పైన చిటికెడు నూనె వేయాలని ఆడవాళ్లకి తెలీదు, తెలిసినా వాళ్లకేం పట్టింది. హ్యాండిల్‌కీ, మడ్‌గార్డుకీ, చక్రాలకీ తడిపసుపు రాసి కుంకుమ బొట్లు పెట్టారు. పళ్లచక్రానికైతే మరీ భక్తిగా గుప్పెడు పసుపు మెత్తారు. ఎండలో ఆరబెడితే కళ్లం మీద నుంచి ఇసుక లేచి ఆ తడి మీద కూర్చుంది. సముద్రం దగ్గర ఊళ్లు, ఇసుక లేని చోటంటూ లేదు.

పండగ మర్నాడు జోగారావు నన్నెక్కి తొక్కాడో లేదో, కిర్... కిర్... టక్. మళ్లీ కిర్... కిర్... టక్. కళ్లం అవతల నిద్రపోతున్న కాపలాదారు రాములు లేచి నిలబడ్డాడు.

ఆ రోజు మేం ఏ షెడ్డుకి వెళ్లినా ఆడవాళ్లందరూ తలలు వంచుకుని పొట్టు తీస్తున్నారు. మర్నాడూ అంతే. కళ్లం మీద నిలబెట్టడానికి ఒక్క మనిషి దొరకలేదు. జోగారావు మొహం తిండి మానేసినవాడి మొహంలా అయిపోయింది.

వాడే ముందు వైద్యం మొదలెట్టాడు. సీటు స్ప్రింగేమో అని పైకి లేచి నిలబడి తొక్కాడు. చప్పుడు పోలేదు. తొక్కడం ఆపి ఊరికే దొర్లనిచ్చాడు. ఆగిపోయింది. "తొక్కితేనే వత్తంది, కాల్ల కాడే ఉంది రోగం" అని తేల్చుకుని నన్ను కన్నబాబు షాపుకి తీసుకెళ్లాడు. అక్కడి దాకా వాడి బుర్ర బాగానే పనిచేసింది. కన్నబాబు గురించి అంత మాట కూడా అనలేను. కన్నబాబుకి ఏ సైకిలు ఏ రోగంతో వచ్చినా, ముందు బాగున్న భాగం విప్పడం అలవాటు. నా ఎడమ పెడలు విప్పాడు, గోళీలు మార్చాడు, బిగించాడు. చప్పుడు అలాగే ఉంది. "ఐతే కుడిదండి" అన్నాడు. తర్వాత పెడలు కాడకు కొట్టే మేకు మార్చాడు. తర్వాత ఇరుసు. పళ్లచక్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఆ పసుపూ కుంకుమా చూసి, వేలితో తాకి కళ్లకద్దుకుని, పక్కనుంచి పని చేశాడు.

"బొట్టు సెరపకురా. పూజ సేసిన బండి. అపచారం" అని జోగారావు కూడా అన్నాడు.

చివరికి ఏం తోచక కన్నబాబు డబ్బాడు నూనె గొలుసు మీద దిమ్మరించాడు. నూనెకి పసుపు జారిపోయింది, చప్పుడు ఆగిపోయింది. ఇరుసు మార్చడం వల్లే ఆగిందని వాడు ఇప్పటికీ అనుకుంటున్నాడు. మర్నాడు మధ్యాహ్నమే ఇద్దరు ఆడవాళ్లు కళ్లం ఎక్కారు.

ఆ ఇద్దరిలో ఒకామె తవిటమ్మ. షెడ్డులో అందరికన్నా పెద్దది, పిల్లలు లేరు, మొగుడు వదిలేసిపోయి చాలా కాలమైంది. మాటకి మాట తప్ప ఇంకేం ఆస్తి లేని మనిషి. జోగారావు అన్నానికెళ్లినప్పుడు బొబ్బలెక్కిన కాళ్లతో నా దగ్గరికొచ్చి కూర్చుంది. పెడలు చేత్తో తిప్పింది. చెవి పెట్టి వింది. పళ్ల సందుల్లో వేలు పెట్టి గీకింది, మిగిలిపోయిన పసుపూ ఇసుకా గోటిలోకి వచ్చాయి. రెండు వేళ్ల మధ్య నలిపి చూసి నవ్వింది. ఊళ్లో షాపువాడు కనిపెట్టలేని రోగాన్ని ఆమె కనిపెట్టింది. కనిపెట్టి, మందు వేయకుండా రోగాన్నే పెంచింది.

ఆ వచ్చే శుక్రవారం తవిటమ్మ పసుపు భరిణె పట్టుకుని జోగారావు ముందు నిలబడింది.

"మేస్త్రి బాబూ, బండికి శుక్కరారం శుక్కరారం బొట్టెడతాం బాబూ. లచ్చిందేవి తిరుగుతాది. మీకు సల్లగుంటే మాకు సల్లగుంటాది" అంది.

జోగారావు నన్ను స్టాండు వేసి నిలబెట్టాడు. కళ్లం మీద నిలబెట్టినదే తన బండికి పూజ చేస్తానంటోంది. భయం భక్తిగా మారిందని మురిసిపోయాడు. మనుషుల్లో ఇదొక జబ్బు, కొట్టిన చేతికి దండం కూడా కావాలి. "ఎట్టండమ్మా" అన్నాడు. భరిణెలో ముందుగానే సన్నటి ఇసుక కలిపి ఉంది. హ్యాండిల్‌కి ఒక చుక్క, మడ్‌గార్డుకి ఒక చుక్క, మిగతాదంతా పళ్లచక్రానికీ గొలుసుకీ. శనివారం పొద్దున్న కిర్... కిర్... టక్.

అప్పటి నుంచి షెడ్డు బతికింది. నేను కళ్లం మలుపు తిరగ్గానే మాటలు ఆగేవి, చాపిన కాళ్లు ముడుచుకునేవి, నోట్లో పప్పు గొంతు దిగేది. నాకు గొలుసు అరిగిపోతోంది, ఒళ్లంతా గరగరలాడుతోంది. అయినా చెబుతున్నాను, నా బతుకులో సంతోషంగా తిరిగిన రోజులవే.

అందరికన్నా ఆ చప్పుడు అవసరమైంది దాలమ్మకి. పద్దెనిమిదో పంతొమ్మిదో ఏళ్ల పిల్ల. మొగుడు గుజరాత్ వైపు బోట్ల మీద చేపల వేటకి పోయాడు, ఇంట్లో మంచం పట్టిన అత్త. చంకలో ఢిల్లేశు అని నాలుగైదు నెలల కొడుకు. వాడికి పోతపాలు పడవు, పోస్తే కక్కేస్తాడు. పొద్దున్న ఇచ్చిన పాలతో సాయంత్రం దాకా ఉండలేక ఎండిపోయాడు. దాలమ్మ పని మానితే ముగ్గురికీ కూడు లేదు, మానకపోతే వాడు దక్కడు. తవిటమ్మే చెప్పింది, తీసుకురమ్మని. అప్పటి నుంచి వాడు షెడ్డు మూల గోనె సంచుల వెనక చీర ఉయ్యాల్లో పడుకునేవాడు. ఆకలేస్తే దాలమ్మ అక్కడికి జరిగి పాలిచ్చేది, ఆమె చేటలో పప్పు చుట్టుపక్కల వాళ్లు తలా గుప్పెడు వలిచేవాళ్లు. నా చప్పుడు వినిపిస్తే వచ్చి చోట్లో కూర్చునేది. వాడికి బుగ్గలొచ్చాయి. తలుపు సందులోంచి నేను చూశాను.

జోగారావు మొద్దు కాదు. వారం గడిచేకొద్దీ పసుపు రాలి సన్నబడే చప్పుడు ప్రతిసారీ శనివారమే మళ్లీ గట్టిగా మొదలవుతోందని కనిపెట్టాడు. ఇంకొంచెం ఆలోచిస్తే శుక్రవారం తట్టేది. కానీ శనివారం అనగానే వాడికి శని తట్టాడు. నెత్తి మీద కూర్చున్నాడని నమ్మాడు. నువ్వులు దానం చేశాడు, నల్లబట్ట కట్టాడు, శనివారం శనివారం గుడికెళ్లి రాతి మీద చెంబుడు నూనె పోశాడు. అందులో నాలుగు చుక్కలు నా గొలుసు మీద వేస్తే వాడి శని అప్పుడే వదిలేది. కిర్రుమంటూ వెళ్లి, నూనె పోసి, కిర్రుమంటూ తిరిగొచ్చేవాళ్లం.

అలా ఎండాకాలం వచ్చేదాకా నడిచింది. అప్పుడు జోగారావు తల్లి పోయింది.

ఇంట్లో మైల. మైల బండికి బొట్టు పెట్టరు. తవిటమ్మకి పెట్టడానికి వీల్లేదు, పెడతానని అడగడానికీ వీల్లేదు. కర్మ అయ్యేదాకా జోగారావు పనికి రాలేదు గానీ, ఊళ్లో పనులన్నిటికీ నన్నే తొక్కాడు. సామాన్లకి, బ్రాహ్మడి ఇంటికి, రేవుకి. మొదటి రోజుల్లో కూసేదాన్ని. వాడి తమ్ముడు చిరాకుపడి గొలుసు తుడిచి నూనె వేశాడు. ఆగింది. శనివారం వచ్చింది, చప్పుడు రాలేదు. జోగారావు దారి మధ్యలో నన్ను ఆపి దిగాడు. గుండు మీద చెమట తుడుచుకుంటూ నన్ను చాలాసేపు చూశాడు. పళ్లచక్రం చుట్టూ వేలు తిప్పాడు. వేలికి పసుపు అంటలేదు, అప్పుడు తట్టింది వాడికి శుక్రవారం. వాడి మొహంలో ఏడుపు పోయి వెలుగొచ్చింది. తల్లి చచ్చిన ఇంట్లోంచి వచ్చినవాడి మొహంలో అంత ఆనందం నేను మళ్లీ చూడలేదు.

మైల తీరాక కర్మాగారానికి వచ్చిన మొదటి శుక్రవారం, వాడే తవిటమ్మని పిలిచాడు.

"ఏటే తవిటమ్మా, బండి బోసిపోయినాది. బొట్టెట్టవేటి?"

ఆమె పెట్టింది. వాడు పక్కనే నిలబడి, చేతులు కట్టుకుని, ఆమె వేళ్లు ఎక్కడికి వెళ్తున్నాయో చూశాడు. నాకు అరవాలనిపించింది. నాకున్న గొంతు మర్నాటిదాకా రాదు.

మర్నాడు మధ్యాహ్నం జోగారావు రాములుని నా మీదెక్కించాడు. అవతలి షెడ్ల వైపు ఆగకుండా తొక్కుతూ ఉండమన్నాడు. తను చెప్పులు విడిచి, ఆ కాలే సిమెంటు మీద వట్టి కాళ్లతో, వెనక తలుపు వైపు నడిచాడు. నేను దూరంగా కూస్తూ తిరిగాను. మేస్త్రి అక్కడెక్కడో ఉన్నాడని నా చప్పుడు షెడ్డంతటికీ చెబుతోంది. ఇన్నాళ్లూ నన్ను నమ్మినట్టే నమ్మారు. నేను ఎంత గట్టిగా కూస్తే దాలమ్మ అంత నిశ్చింతగా కూర్చుంటుందని నాకు తెలుసు. రాములు తొక్కుతున్నాడు, నేను కూస్తున్నాను.

కాసేపటికి "బండి లోపలికట్రా" అని కేక వినిపించింది.

షెడ్డు మధ్యలో నన్ను స్టాండు వేసి నిలబెట్టారు. ఆడవాళ్లందరూ లేచి నిలబడి ఉన్నారు. గోనె సంచుల దగ్గర దాలమ్మ, పైట సర్దుకోవడం కూడా మర్చిపోయి, పిల్లాణ్ని గుండెకి అదుముకుని ఉంది. వాడి నోటి చివర పాలు. జోగారావు కేకలు వేయలేదు. నా పళ్లచక్రం మీది పసుపు వేలితో తీసి, అందరికీ వినబడేలా రెండు వేళ్ల మధ్య నలిపాడు. ఇసుక కరకరమంది.

"ఎవుల సెయ్యే ఇది?"

తవిటమ్మ నోరు తెరవబోయింది. వాడు చెయ్యెత్తి ఆపాడు. "నిన్నడగనేదు" అన్నాడు. దాలమ్మ వైపు తిరిగాడు.

"నువ్వు సెప్పు. సెప్తే నీ పని ఉంటాది. సెప్పకపోతే నువ్వూ నీ గుంటడూ ఇప్పుడే గేటు దాటాల. ఈ సుట్టుపక్కల ఏ జీడిబట్టీలోనూ పని దొరక్కుండా నాను సూసుకుంటాను."

దాలమ్మ పిల్లాడి మొహం చూసింది. తవిటమ్మ మొహం చూడలేదు.

"తవిటమ్మత్త" అంది.

"గట్టిగా."

"తవిటమ్మత్తే బాబూ."

జోగారావు తలూపాడు. "నాకు తెలుసే. నిన్న నా కల్లతోటే సూసినాను. నీ నోటంట ఇందామని" అన్నాడు.

ఇనుముని, నాకు ఏడుపు ఉండదంటారు. ఉండదు. కానీ వాడు నన్ను తాకిన చోటల్లా అప్పుడే తుప్పు పట్టిపోతే బాగుండునని ఆ నిమిషంలో కోరుకున్నాను. ముప్పై మంది ఆడవాళ్లు దాలమ్మని చూశారు. వాళ్లలో ఆమె పప్పు వలిచి పెట్టినవాళ్లున్నారు, ఆమె కొడుకుని ఎత్తుకుని ఆడించినవాళ్లున్నారు. జోగారావుని చూడాల్సిన చూపంతా ఆ పిల్ల మీద పడింది. వాడికి కావలసిందీ అదే.

"తవిటమ్మ ఎల్లిపోవొచ్చు. దాలమ్మ ఉంటాది, మాటంటే మాటే" అన్నాడు జోగారావు. "గుంటడు మాత్రం ఉండకూడదు. ఇప్పుడే బయిటికి పంపేయ్."

"ఎవలితోటి పంపను బాబూ? ఇంటికాడ మా యత్త మంచం దిగనేదు" అంది దాలమ్మ.

"అది నాకు సెప్పకు."

తవిటమ్మ తన చేట బోర్లించింది. కత్తి నేల మీద పెట్టింది. కొంగు దులుపుకుంది. తలుపు దాకా వెళ్లి, ఆగి, వెనక్కి వచ్చింది. అందరూ ఆమె దాలమ్మని కొడుతుందనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. దాలమ్మ కూడా దెబ్బకి సిద్ధంగా కళ్లు మూసుకుంది.

"ఇలాగియ్యి" అంది తవిటమ్మ, చేతులు చాపి. "నాకింక పనేటుంది? నీ గుంటణ్ని నానెత్తుకుంటాను. సందేళ మీ ఇంటికాడ దింపుతాను."

దాలమ్మ ఇవ్వలేకపోయింది. తవిటమ్మ ఆమె వేళ్లు ఒక్కొక్కటే విడదీసి పిల్లాణ్ని తీసుకుంది. తిట్టి ఉంటే దాలమ్మ తట్టుకునేది. పిల్లాణ్ని భుజానేసుకుని, కళ్లం మీది ఎండలోకి దిగి, గేటు వైపు నడిచింది. సగం కడుపుతో లేచినవాడు ఏడుపు లంకించుకున్నాడు.

జోగారావు గుడ్డా నూనె డబ్బా తెప్పించి దాలమ్మ ముందు పడేశాడు.

"తుడు. ఇకమీద రోజూ నువ్వే తుడవాల."

ఆమె నా పక్కన కూలబడి పసుపు తుడిచింది, సందు సందులోంచి ఇసుక తీసింది, గొలుసు పొడుగునా నూనె వేసింది. రవిక తడిసి పాలు కారుతున్నాయి, తుడుచుకోలేదు. చప్పుడు ఆగేదాకా పెడలు తిప్పమన్నాడు. తిప్పింది. కిర్... కిర్... తర్వాత ఒట్టి కిర్... ఆ తర్వాత అదీ పోయింది.

నా చప్పుడు ఆగాక, రోడ్డు మీద దూరమవుతున్న పిల్లాడి ఏడుపు షెడ్డంతా వినిపించింది. దాలమ్మ పెడలు తిప్పుతూనే ఉంది.